గాలిపడవ: చెవుల్లో దూది

కిందటి వారం మనం కరీమున్‌ని కొంగల మడ ఒడ్డున పడవ ఎక్కించి వదిలేసి వచ్చాం. కొత్తపట్నం అవతల, సముద్రానికీ మెట్ట చేలకీ మధ్య ఉన్న ఆ మడ ఒడ్డున ఆ పొద్దున జనం బాగానే పోగయ్యారు. ఆడది ఇంజను ముట్టుకుంటే అచ్చిరాదన్నవాళ్ళు కొందరు. చెయ్యి విరిగిన మొగుణ్ణి ఇంట్లో వదిలేసి ఈవిడకి షికార్లేమిటన్నవాళ్ళు ఇంకొందరు. మన ఊళ్ళలో సలహాలకి ఎప్పుడు కరువొచ్చింది గనక. కరీమున్ కుచ్చెళ్ళు ఎగదోపుకుని, జుట్టు కనపడకుండా తలకి గుడ్డ బిగించి కట్టుకుని, డ్రైవరు కూర్చునే ఎత్తు పీట మీద కూర్చుంది.

మధ్యలో వచ్చి చేరిన పాఠకులకి పడవ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. దానికి తెడ్డు లేదు, తెరచాప లేదు. అడుగున సాపు రేకు. వెనక ఇనప వల పంజరంలో పాత అంబాసిడర్ ఇంజను, దానికి తోమా వడ్రంగి చెక్కిన చెక్క రెక్కలు. ఆ రెక్కలు గాలిని వెనక్కి తోస్తే పడవ ముందుకి జారుతుంది. జానెడు నీళ్ళు చాలు. నీళ్ళు లేకపోతే బురదైనా చాలు. దాన్ని చేసినవాడు కరీమున్ భర్త మొహిద్దీన్ బాషా. ఒంగోలు శివార్లలో పిచ్చయ్యగారి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. తాతల నాటి నుంచి దూది ఏకి బతికిన నూర్‌బాషాల ఇంట్లో పుట్టినవాడికి గాలితో పని చేయించుకోవడం ఒకరు నేర్పాలా.

ఈ ఒక్క షికారు సరిగ్గా జరిగితే, హైదరాబాదు నుంచి వచ్చిన టూరిజం ఆఫీసరు సంతోషకుమారి ఈ మడని పిట్టలు చూసే చోటుగా ఉంచమని పైకి రాస్తుంది. గాలిపడవకి లైసెన్సు వస్తుంది. పడవ మధ్యలో మొరాయించిందా, మడ మొత్తం రొయ్యల చెరువుల కింద పిచ్చయ్యగారి లీజులోకి పోతుంది. రెండేళ్ళ నాడు తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక పిచ్చయ్యగారి చూపు మెట్ట నుంచి ఉప్పునీళ్ళ మీదికి మళ్ళింది. మనిషి చూపు మళ్ళితే తప్పులేదు. కానీ ఆయన చూపు పడిన చోట ఇంకొకరు నిలబడటం ఆయనకి గిట్టదు.

మొహిద్దీన్ బాషా సంగతంటారా, మొన్న ఆదివారం ఫ్యాను రెక్క తగిలి కుడి మణికట్టు విరిగిందని పిడికిలంత కట్టుతో ఇంటికొచ్చాడు. "పోనీలే కరీమూ, మన రాత ఇంతే. ఆఫీసరమ్మకి రావద్దని కబురు పెడదాం" అన్నాడు. కరీమున్ ఆ మాట విననట్టే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఈ పొద్దున కూడా పెట్టే బయల్దేరింది. గడప దాటుతుంటే వెనక నుంచి "వెళ్ళకే" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నొప్పే అనుకుంది పిచ్చిది.

ఇక పడవలోకి వద్దాం.

"ఇవి చెవుల్లో పెట్టుకోండి మేడమ్‌గారూ" అని కరీమున్ గుప్పెడు దూది తీసి ఇచ్చింది. "దీని నోరు పెద్దది."

సంతోషకుమారి గుంటూరు పిల్ల. నాన్న చర్చి బడిలో పంతులు. నడుముకి కట్టిన లారీ ట్యూబుని ఒకసారి, దూదిని ఒకసారి చూసుకుని నవ్వింది. "చెవులు మూసేస్తే మీరు చూపించేవి నాకెలా తెలుస్తాయి?"

"చేతుల్తో చెప్తానండి. ఇట్టా గంప మోసినట్టు గడ్డం కింద చెయ్యి పెడితే గూడబాతు. వేలు వంకర తిప్పితే రాజహంస. చెయ్యి పాములాగా పోనిస్తే నీటికుక్క. మీ అదృష్టం బాగుంటే అదీ కనపడుద్ది."

"మీకివన్నీ ఎవరు నేర్పారు?"

"పిట్టల సైగలు నేను కల్పించుకున్నయ్యేనండి. చేత్తో మాట్టాడటం మటుకు చిన్నప్పుడే వచ్చింది" అంది కరీమున్. ఎక్కడ వచ్చిందో చెప్పలేదు. అది చెప్పకపోవడం ఎంత మంచిదయిందో మీరే చూస్తారు.

ఊరి పెద్దమనిషి హోదాలో పిచ్చయ్యగారు తానూ వస్తానని ముందుబల్ల మీద ఆఫీసరు పక్కన కూర్చున్నారు. ఆయన వెంట మిల్లు మేస్త్రీ ఏసోబు. బరువు సరిపోవాలంటూ ఏసోబుని నడిమి బల్ల మీద కూర్చోబెట్టింది కూడా పిచ్చయ్యగారే. ఆ బల్ల కిందే పెట్రోలు డబ్బా, దాని కుళాయి ఉన్నాయి. కరీమున్‌కి ఆ బరువు లెక్క నచ్చలేదు గాని, ఆఫీసరు ముందు పేచీ ఎందుకని ఊరుకుంది.

ఇంజను రాజుకుంది. ఒడ్డున జనం చెవులు మూసుకున్నారు. తుంగ అంతా వెనక్కి వాలిపోయింది. పడవ ఒక్క ఊపు ఊగి, తడిబండ మీద సబ్బుబిళ్ళ జారినట్టు నీళ్ళ మీదికి జారింది. అరిష్టమన్నవాళ్ళ తలగుడ్డలు రెండు ఎగిరి మడలో పడ్డాయి. కరీమున్ తన నవ్వుని పెదాల మీదికి రానివ్వలేదు.

మంచు అప్పుడే విడుతోంది. ముందు బొల్లికోళ్ళు నీళ్ళ మీద పరుగులు తీస్తూ పక్కకి తప్పుకున్నాయి. మడ చెట్ల మలుపు తిరిగాక కరీమున్ దూరంలోనే ఇంజను ఆపేసి, పడవని దాని ఊపుకి వదిలేసి, గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించింది. అక్కడ గూడబాతులు బారు తీరి, వల లాగే బెస్తల్లాగా చేపల్ని లోతు తక్కువ చోటికి తోలుకొస్తున్నాయి. అన్నీ ఒక్కసారే ముక్కులు ముంచి, ఒక్కసారే పైకెత్తాయి. సంతోషకుమారి ఊపిరి బిగబట్టి చూసింది. బైనాక్యులర్సు మెడలో ఉన్న సంగతి కూడా మర్చిపోయింది. తర్వాత తెల్లటి ఉప్పు చవిటి మీద రాజహంసలు కనిపించాయి. ఎగిరినప్పుడు రెక్కల కింద ఎరుపు చూసి ఆవిడ చిన్నపిల్లలా వెనక్కి తిరిగి వేలు వంకర తిప్పి చూపించింది. అవునవునని కరీమున్ తలూపింది. ఈ మాత్రం సంతోషం పెట్టగలిగిన నేలని రొయ్యల పాలు చేస్తారా అని ఆమె గుండె గట్టిపడింది.

కాలవ సన్నబడే చోటికి వచ్చి మళ్ళీ ఇంజను అందుకున్నాక, పిచ్చయ్యగారు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు. గుళ్ళో ధర్మకర్తలా చాలా మర్యాదగా కట్టుకున్నారు. ఆ చేతుల్లో కుడిచెయ్యి మాత్రం ఊరుకోలేదు.

ఇక్కడ మీకు మిల్లు సంగతి చెప్పాలి. పత్తిలో గింజ తీసే జిన్నులు తిరుగుతుంటే పక్కవాడి అరుపు కూడా వినపడదు. అందుకని ఆ మిల్లులో పుట్టినదే చేతిమాట. చెవిపోగు పట్టుకున్నట్టు చూపిస్తే మేస్త్రీ వస్తున్నాడని. రెండు వేళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే బెల్టు. బొటనవేలు గొంతు మీద పెడితే దాహం. పిచ్చయ్యగారు పుట్టు షావుకారేం కాదు. కుర్రతనంలో జిన్ను దగ్గర పత్తి తోసినవాడు. ఆ తర్వాత ఎలా ఎదిగాడో, ఎవరి మీద కాలు పెట్టి ఎదిగాడో పాత భాగాల్లో చదివారు. ఆ చేతిమాట లోపల పనిచేసే మగవాళ్ళదేనని ఆయన నమ్మకం. బయట కిటికీ కింద వరండాలో కూర్చుని పత్తిలో గుడ్డికాయ ఏరే ఆడవాళ్ళు తలొంచుకుని తమ పని తాము చేసుకుంటున్నారనుకున్నాడు. వాళ్ళు కిటికీలోంచి అంతా చూశారు, అంతా నేర్చుకున్నారు, మేస్త్రీ మీద ఆడిపోసుకోవడానికి దాన్ని మగవాళ్ళకన్నా బాగా వాడుకున్నారు. ఆ ఆడవాళ్ళలో ఒకతె పేరు ఖుర్షిదా. ఆమె ఒళ్ళో కూర్చుని, మాటలు రాకముందే చేతిమాట నేర్చినది కరీమున్. పెద్దదయ్యాక తానూ కూలికి వచ్చి, అదే కిటికీలోంచి, లోపల బెల్టులు బిగించే కుర్ర ఫిట్టరుతో నోరు విప్పకుండా పెళ్ళి మాట్లాడుకున్నదీ ఆమే.

ఆఫీసరుకి కనపడకుండా వీపు వెనక దాచిన ఆ చెయ్యి, ఎత్తు పీట మీద కూర్చున్న కరీమున్ ముఖానికి ఎదురుగా పెట్టినట్టుంది. ఆమె తాపీగా చదువుకుంది.

"రెండు మొగలిపొదల దగ్గర. పెట్రోలు కట్టెయ్. ఎడమకి పోనివ్వకు."

ఏసోబు చెయ్యి బల్ల కిందికి పోయింది.

నిజం చెప్పాలంటే ఎడమకి తిరగాలని కరీమున్ అనుకోనే లేదు. అటువైపు ఉన్నది వెర్రికాలవ. ఒకప్పుడు నీటికుక్కల బొరియలుండేవి గాని, ఈ మధ్య అటు బెస్తలు కూడా పోవడం లేదు. పిచ్చయ్యగారు వద్దన్నాకే ఆమెకి అటు పోవాలని తోచింది. కొందరు పెద్దమనుషులు అలా దారి కూడా చూపిస్తుంటారు.

గెడకర్రతో ఏసోబు భుజం మీద తట్టింది. అతను తలెత్తి చూశాడు. కరీమున్ ఎడంచేత్తో చుక్కాని పుల్ల పట్టుకుని, కుడిచేత్తో నింపాదిగా చెప్పింది.

"చెయ్యి తియ్యి."

ఆ సైగ చూసి ఏసోబు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నంత పని చేశాడు. మిల్లు బయట ఒక ఆడమనిషి చేతుల్లో ఆ మాట కనపడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. కరీమున్ ముక్కుపుల్ల మీద రెండుసార్లు వేలితో కొట్టింది. మిల్లులో అది ఖుర్షిదా పేరు. తర్వాత తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె కూతుర్ని.

ఏసోబు ముఖంలో నెత్తురు లేదు. అతని కుర్రతనంలో ఒకనాడు మెడలో తువ్వాలు బెల్టులో పడి, మనిషిని చక్రం వైపు లాక్కుపోతుంటే, కిటికీ బయట నుంచి ఖుర్షిదా ఒక్కతే చూసింది. పిడికిలి నడినెత్తిన పెట్టి జుట్టు పట్టి లాగినట్టు పైకి లాగింది. ప్రాణం పోతోంది, అన్నీ ఆపండి అని ఆ సైగకి అర్థం. ఆ ఒక్క సైగతో మిల్లులో ఎవరూ పరాచికాలాడరు. కోపంలోనూ ఆడరు, తాగినప్పుడూ ఆడరు. అది కనపడితే ఎందుకని అడక్కుండా బెల్టులన్నీ తప్పించేస్తారు. అలాగే తప్పించారు. ఏసోబు బతికాడు. మిల్లు నిలిచిపోయిందని పిచ్చయ్యగారు ఖుర్షిదాని ఆ సాయంత్రమే గేటవతలికి నెట్టించారు. ఏసోబు ఆ రోజు ఏమీ అనలేకపోయాడు. మేస్త్రీ అయ్యాక కూడా అనలేదు.

ఇప్పుడూ అనలేదు గాని, చెయ్యి బల్ల కింద నుంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

మొగలిపొదలు వచ్చాయి. పిచ్చయ్యగారు ఇంజను ఆగుతుందని ఎదురు చూస్తున్నారు. అది ఆగకపోగా పడవ ఎడమకి వాలింది. ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి ఏదో అరిచారు. చెయ్యి ఊపారు. మళ్ళీ అరిచారు. ఆఫీసరు చెవుల్లో దూది ఉంది. కరీమున్ చెవుల్లో దూది ఉంది. అది ఆయన మిల్లు దూదే అయ్యుంటుంది కూడా. ఊళ్ళో ఎవరి నోరైనా మూయించగల మనిషి, ఆ పడవలో నోరున్నా మూగవాడైపోయాడు. సంతోషకుమారి ఆయన చూపిస్తున్న వైపు ఏ పిట్ట ఉందోనని బైనాక్యులర్సు ఎత్తి వెతికింది.

వెర్రికాలవలో కాస్త దూరం పోయేసరికి నీళ్ళు లేవు. అడుగున బురద, బురదలో తెల్లగా చచ్చిన చేపలు. మడ చెట్ల ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. కొంగ కాదు కదా, కాకి కూడా లేదు. పడవ బురద మీద జారుతూనే వెళ్ళి, కాలవకి అడ్డంగా పోసిన కొత్త మట్టికట్ట ముందు ఆగింది. కట్ట నిలువెత్తున ఉంది. తట్టలతో పోసిన మట్టి ఇంకా ఆరలేదు. కట్టవతల నుంచి ఆయిలింజను చప్పుడు వస్తోంది.

కరీమున్ ఇంజను కట్టేసింది. అందరూ చెవుల్లో దూది తీశారు.

"ఇదేంటండీ పిచ్చయ్యగారూ" అంది సంతోషకుమారి. "లీజు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా."

"వరదకట్టండి మేడమ్. తుఫాన్లొస్తే ఊళ్ళోకి నీళ్ళు రాకుండా మావాళ్ళే తలో చెయ్యి వేసి పోసుకున్నారు. పల్లెటూళ్ళు కదండీ, సర్కారు కోసం ఎక్కడ కూర్చుంటాం."

"ఊరు అటుందండి" అంది కరీమున్, కుడివైపు చూపించి. "ఇటు పక్క నీటికుక్కలే ఉండేయి. వాటికేనా కట్ట?"

పిచ్చయ్యగారు ఆమె వైపు తిరిగారు. ఆఫీసరు కోసం తొడుక్కున్న ముఖం తీసి పక్కన పెట్టేశారు.

"నీ నోట్లో కూడా కాస్త దూది పెట్టుకోవే అమ్మాయ్. మంచిది."

"చెవుల్లోకే సరిపోయిందండి."

"వేళాకోళమా. కిటికీ కింద గుడ్డికాయ ఏరుకునేదాని కూతురువి నువ్వు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు, నా ముందే నాకు ఎదురు చెప్తన్నావ్. నీ మొగుడు ఎవరి తిండి తింటన్నాడో గుర్తుందా?"

"ఆయన రెక్కల కష్టం ఆయన తింటన్నాడండి. మీరు పెట్టింది కాదు."

"రేపు పొద్దున గేటు దగ్గర తెలుస్తది."

"ఆ గేటు నాకు కొత్త కాదు పిచ్చయ్యగారూ. మా అమ్మని దాని బయటికి నెట్టించినప్పుడు నేను కొంగు పట్టుకుని ఉన్నా. ఆమె చేసిన తప్పేంటో ఈ మేడమ్‌గారికి మీరే చెప్పండి. పక్కనే ఉన్నాడుగా ఏసోబన్న, ప్రాణంతో. మీరు చెప్పలేకపోతే ఆయన్నే చెప్పమనండి."

ఏసోబు తలెత్తలేదు. నోరు మాత్రం విప్పాడు. "ఆయమ్మ బెల్టులు ఆపిచ్చిందండి. నా కోసం" అన్నాడు. అంత చిన్న మాటకి అతనికి ఇన్నేళ్ళు పట్టింది. అమ్మ బతికుండగా ఈ మాట వినుంటే ఎంత బాగుండేది అనిపించింది కరీమున్‌కి.

పిచ్చయ్యగారు మేస్త్రీ వంక పురుగుని చూసినట్టు చూశారు. తర్వాత పంచె ఎగ్గట్టి పడవ దిగి, బురదలో కాలేసుకుంటూ కట్టెక్కి, దారికడ్డంగా నిలబడ్డారు.

"మేడమ్‌గారూ, దారి ఇంతవరకే. మీరు వెనక్కెళ్ళి పిట్టల గురించి ఏం రాసుకుంటారో రాసుకోండి. నాకు అభ్యంతరం లేదు. కరీమున్, నువ్వు మాత్రం నా మాట విను. నీ మేలు కోరే చెప్తన్నా. కట్టవతల ఉన్నది చూస్తే పడవ సంగతి దేవుడెరుగు, నీ కాపురానికే మంచిది కాదు."

"తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవండి" అంది కరీమున్. బెదిరింపు అనుకుంది. అది బెదిరింపు కాదు. ఆ మనిషి తన జన్మలో చెప్పిన నాలుగు నిజాల్లో అదొకటి.

ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "మేడమ్‌గారూ, అవతలేముందో నాకూ తెలవదండి. మిమ్మల్ని బలవంతం చెయ్యను. చూడాలనుకుంటే మటుకు దూది పెట్టుకోండి."

సంతోషకుమారి చచ్చిన చేపల్ని చూసింది. కట్ట మీది మనిషిని చూసింది. పై నుంచి ఎవరెవరు ఫోన్లు చేస్తారో, తనని ఏ మూలకి బదిలీ చేస్తారో ఆవిడకి తెలియనిది కాదు. తెలిసీ చెప్పనివాణ్ణి మా నాన్న బడిలో బెంచీ ఎక్కించేవాడు అనుకుందో ఏమో, లారీ ట్యూబు ఇంకాస్త బిగించుకుంది. ఒక చెవిలో దూది పెట్టుకుంది. రెండో చెవిలోనూ పెట్టుకుంది.

గాలిపడవకి వెనక్కి నడక లేదు. కట్టెక్కే ఊపు కోసం కరీమున్ గెడకర్ర తీసి బురదలో పోటేసి పడవని వెనక్కి తొయ్యబోయింది. బరువు కదల్లేదు. అప్పుడు ఏసోబు లేచి, యజమాని చూస్తుండగానే, ఆమె చేతిలోని గెడ అందుకుని తానే తోశాడు. తోస్తూ కట్ట వైపు చూడలేదు.

ఇంజను మళ్ళీ రాజుకుంది. ఈసారి కరీమున్ దానికి గాలి సగం ఇచ్చి ఊరుకోలేదు. వెనక ఎండాకులు, తుంగ, బురద అన్నీ లేచి ఆకాశానికి కొట్టుకున్నాయి. పడవ బురద మీద ఉరికింది. పిచ్చయ్యగారు రెండు చేతులూ చాచి నిలబడ్డారు గాని, ఆమె ఆయన మీదికి పోలేదు. చుక్కాని వాల్చి, కట్ట పల్లంగా ఉన్న పక్కకి పోనిచ్చింది. సాపు రేకు తడిమట్టిని ఒరుసుకుంటూ ఎక్కింది. ఎక్కుతుందో జారుతుందో తెలియని ఆ క్షణంలో కరీమున్ పళ్ళు బిగించి, మా అమ్మ గేటు బయట నిలబడ్డట్టు నేను నిలబడను అనుకుంది. పడవ మూతి కట్ట పైకి వచ్చి, అవతలి పక్కకి తొంగిచూస్తూ ఆగింది.

అవతల సముద్రమంత చెరువు. మడ చెట్లన్నీ నరికి గుట్టలు పోశారు. ఉప్పునీళ్ళు కట్ట అంచుకి జానెడు కిందికి నిండి ఉన్నాయి. దూరంగా ఇసక దిబ్బ మీద ఆయిలింజను, దాని పంపు ఉప్పుటేటి నీళ్ళని లావుపాటి గొట్టంలోంచి చెరువులోకి కుమ్మరిస్తోంది. పంపు పక్కన పాన పట్టుకుని ఒక మనిషి. పడవ చప్పుడుకి అతను తలెత్తాడు.

మొహిద్దీన్ బాషా.

పాన కుడిచేతిలో ఉంది. ఆ చేతికి కట్టు లేదు.

కరీమున్‌కి ముందు ఏమీ అర్థం కాలేదు. ఎవరో అతని పోలికలున్న మనిషి అనుకుంది. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. చెయ్యి ఎందుకు విరిగిందో, సరిగ్గా మొన్న ఆదివారమే ఎందుకు విరిగిందో, "వెళ్ళకే" అన్న గొంతులో ఉన్నది ఏ నొప్పో అర్థమైంది. తన చేత్తో పెట్టిన ముద్దలు గుర్తొచ్చాయి. కడుపులో నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మగాళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేక దాన్ని అక్కడే నొక్కేసింది.

చుక్కాని వదిలి చెయ్యెత్తింది. మణికట్టు మీద రెండో చేత్తో పట్టుకుని, వేళ్ళు విప్పి అడిగింది. ఎప్పుడు అతుక్కుంది?

మొహిద్దీన్ బాషా పాన జారవిడిచాడు. కుడిచెయ్యి వీపు వెనక్కి పోయింది. మళ్ళీ ఒక్క లిప్తలో ముందుకొచ్చింది. కట్ట అడుగుకేసి చూస్తున్న అతని ముఖం పాలిపోయింది. పిడికిలి బిగించి, నడినెత్తిన పెట్టి, జుట్టు పట్టి లాగినట్టు పైకి లాగాడు. మళ్ళీ లాగాడు.

మూడు రోజులు అబద్ధమాడిన చెయ్యి అది. ఇప్పుడు ఎవరూ అబద్ధమాడని సైగ చేస్తోంది. నమ్మాలా? పడవని వెనక్కి పంపడానికి ఇది ఇంకో ఎత్తు కాదని ఏమిటి నమ్మకం? గాలి ఇంకాస్త పెంచితే పడవ చెరువులోకి దిగిపోతుంది, ఆఫీసరు అంతా చూస్తుంది, పని పూర్తవుతుంది. కరీమున్ చెయ్యి గాలి పెంచే తీగ మీదికి పోయింది. కిందికి చూసింది. ఏసోబు ఆ సైగ చూశాడు. చెయ్యి అతనికి తెలియకుండానే మెడ మీదికి, తువ్వాలు వేసుకునే చోటికి పోయింది.

కరీమున్ ఇంజను కట్టేసింది. అవతల మొహిద్దీన్ బాషా కూడా పంపు కట్టేశాడు.

అంత రొద ఆగేసరికి మడ మొత్తం మూగబోయినట్టయింది. కరీమున్ చెవుల్లో దూది పీకేసింది. అప్పుడు వినపడింది. కింద, పడవకీ పిచ్చయ్యగారికీ మధ్య, తడిమట్టి నములుతున్నట్టు ఒక చప్పుడు. పెళ్ళలు పెళ్ళలుగా మట్టి చెరువులోకి జారుతోంది. తడిసిన గోడ కూలేముందు అలాగే మాట్లాడుతుంది. కట్ట మీద చేతులు చాచి నిలబడ్డ పిచ్చయ్యగారు మొట్టమొదటిసారి తన కాళ్ళ కిందికి చూసుకున్నారు.

"ఎవరూ కదలబాకండి" అన్నాడు ఏసోబు.

పడవ మూతి ఒక్క బెత్తెడు కిందికి దిగింది. సంతోషకుమారి బల్లని రెండు చేతులా పట్టుకుంది. ఇసక దిబ్బ మీద నుంచి మొహిద్దీన్ బాషా నీళ్ళలోకి దిగి, నడుం లోతున, గుండె లోతున పరిగెత్తుకొస్తున్నాడు. కాస్త దూరంలో ఆగి, ఇక రాలేక, భార్య ముఖం చూడలేక, నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

కరీమున్ పీట దిగింది. కట్ట కూలేలోగా పడవని నీళ్ళలోకి లాగించాలని, ముందుకి వెళ్ళి చుట్టగా పడున్న మోకు తీసింది. ఒక కొస పడవ కొక్కేనికి కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని బలం కొద్దీ విసిరింది. అది గాలిలో విప్పుకుంటూ వెళ్ళి అతని ఎదురుగా నీళ్ళ మీద పడింది.

"ఏవయ్యా" అంది కరీమున్. "కుడిచేత్తోనే పట్టుకో."